ఆపుకోలేనివారి చరిత్ర

తెలుగులో మలవిసర్జనకు ఎన్ని చాటుమాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టి చూశారా? బహిర్భూమికి వెళ్ళడం, దొడ్డికి వెళ్ళడం, పెరట్లోకి వెళ్ళడం, చెంబుచ్చుకుని వెళ్ళడం, బయలుకి వెళ్ళడం. బడిపిల్లలైతే రెండు వేళ్ళు చూపించి రెంటికి వెళ్ళడం. గమనించారో లేదో, అన్నిటిలోనూ 'వెళ్ళడం' ఉంది. మనిషి లేచి, నడిచి, ఒక మరుగు చేరుకుని చేసే పని అది. 'మరుగుదొడ్డి' అన్న మాటలోనే ఆ మరుగు ఉంది. మరి వెళ్ళేలోగానే అయిపోతే? పసిపిల్లలకు వాడే మాటలున్నాయి, మంచానపడిన వృద్ధులకు వాడే మాటలున్నాయి. ముప్ఫై అయిదేళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు పోతున్నవాడు, దారిలో బట్టలు పాడుచేసుకుంటే చెప్పడానికి మర్యాదైన మాట ఒక్కటీ లేదు. మాట లేనిచోట చరిత్ర కూడా ఉండదనుకుంటాం. అది నిజం కాదని చెప్పడానికే ఈ టపా. భోజనం చేస్తూ చదివే అలవాటున్న మిత్రులు ఆ కార్యక్రమం ముగించుకుని రావలసిందిగా మనవి.

నాకు క్రోన్స్ వ్యాధి ఉంది. పదిహేడేళ్ళయింది. తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత పేగుల మీదే కత్తి దూసే జబ్బు ఇది. నోటి నుంచి ఆసనం దాకా ఎక్కడైనా రావచ్చు గాని, ఎక్కువగా కనబడేది చిన్నపేగు చివరి భాగంలోనూ పెద్దపేగులోనూ. పుళ్ళు పడతాయి, గోడ మందమవుతుంది, దారి ఇరుకవుతుంది, ఒక్కోసారి పేగుకు చిల్లిపడి భగందరాలు ఏర్పడతాయి. మన పత్రికలవాళ్ళు 'పేగుపూత' అని రాసే వాటిలో ఇదీ కలిసిపోతుంటుంది. పూర్తిగా నయంచేసే మందు లేదు, అదుపులో పెట్టే మందులున్నాయి.

అదుపు తప్పడం ఎందుకు జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని మనోబలానికి సంబంధించిన విషయం అనుకుంటారు. ఆరోగ్యవంతుడి పురీషనాళం సాగే సంచీ వంటిది. మలం వచ్చి చేరితే సాగుతుంది, కబురు పంపుతుంది, కాసేపు ఓపిక పడుతుంది. వాచి, పుండుపడిన పురీషనాళం సాగదు. కొంచెం చేరినా నిండిపోయినట్టే కబురు పంపుతుంది, ఆ కబురుకీ పనికీ మధ్య ఉండే వ్యవధి నిమిషాలకు, కొన్నాళ్ళు క్షణాలకు కుదించుకుపోతుంది. దానికి తోడు చిన్నపేగు చివరిభాగం చెడితే అక్కడ తిరిగి పీల్చుకోవలసిన పైత్యలవణాలు పెద్దపేగులోకి జారి, నీళ్ళ విరేచనాలు తెస్తాయి. గుదకండరం ఎంత గట్టిదైనా నీటిని ఎంతసేపు పట్టి ఉంచగలదు? ఇందులో మనోబలం పాత్ర ఎంతంటే, తుమ్ము ఆపుకోవడంలో ఉన్నంత.

తుమ్మంటే గుర్తొచ్చింది. చరకసంహిత సూత్రస్థానంలో ఏడో అధ్యాయం పేరు 'నవేగాన్ధారణీయం'. ఆపకూడని వేగాల గురించిన అధ్యాయం. మలమూత్రాలు, తుమ్ము, ఆవలింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర అన్నీ కలిపి పదమూడు వేగాలు చెప్పి, ఆపితే ఏమవుతుందో వివరిస్తాడు. మలవేగాన్ని ఆపితే కడుపునొప్పి, తలనొప్పి, పిక్కలు పట్టేయడం. ఇంతా చెప్పినవాడు ఆపలేని వాళ్ళను మరిచిపోలేదు. చికిత్సాస్థానంలో పదిహేనో అధ్యాయం గ్రహణిదోషానిది, పంతొమ్మిదో అధ్యాయం అతిసారానిది. గ్రహణి అంటే పట్టి ఉంచేది అని అర్థం. తిన్నది అరిగేదాకా పట్టి ఉంచి, అరిగాక కిందికి వదిలే స్థానం. అది బలహీనపడితే అరగనిదాన్నే వదిలేస్తుందని ఆయన వివరణ. నా జబ్బు చరకుడికి ముందే తెలుసునని నేను ఇక్కడ జెండా ఎగరెయ్యబోవడం లేదు. గ్రహణి వేరు, క్రోన్స్ వేరు, వాటిని ఒకే గాటన కట్టడం రెండు శాస్త్రాలకూ అపచారమే. కాని 'పట్టి ఉంచేది' అన్న ఆ పేరు దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. జబ్బుపడ్డవాడి అనుభవం వైపు నుంచి పెట్టిన పేరు అది.

ఆధునిక వైద్యం పెట్టిన పేరు వెనక కథ వేరు. 1932 మే నెలలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సభలు న్యూ ఆర్లియన్స్‌లో జరిగాయి. న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రి తరఫున బరిల్ క్రోన్ అక్కడ ఒక పత్రం చదివాడు. పధ్నాలుగు మంది రోగులు, అందరికీ చిన్నపేగు చివర ఒకే రకమైన వాపు. క్షయ కాదు, క్యాన్సర్ కాదు, తెలిసిన మరే జబ్బూ కాదు. దానికి మొదట అనుకున్న పేరు 'టెర్మినల్ ఇలియైటిస్', అంటే ఇలియమ్ అనే చిన్నపేగు చివరి కొసన వచ్చే వాపు. సభలో ఉన్న బార్గెన్ అనే వైద్యుడు, టెర్మినల్ అంటే చావుకు దగ్గరపడ్డవాడని రోగులు బెదిరిపోతారు, 'రీజినల్' అంటే మేలు కదా అన్నాడు. ఆ ఏడు అక్టోబరులో పత్రం అచ్చయ్యేనాటికి పేరు మారింది. ఒక రోగి బెంగ గురించి ఆలోచించి శాస్త్రీయనామం మార్చిన సందర్భాలు వైద్యచరిత్రలో ఎక్కువ లేవు.

ఆ పత్రం మీద ముగ్గురి పేర్లున్నాయి: క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్. ఆ రోగులకు శస్త్రచికిత్స చేసినవాడు ఎ. ఎ. బెర్గ్. తన పేరు వద్దన్నాడు. మిగిలిన ముగ్గురి పేర్లూ అక్షరక్రమంలో వేశారు. బెర్గ్ ఒప్పుకుని ఉంటే నేనివాళ 'బెర్గ్స్ వ్యాధి' గురించి రాస్తూ ఉండేవాణ్ణి. పోలండ్‌లో మాత్రం నేటికీ దీన్ని లెష్నియోవ్‌స్కీ-క్రోన్ వ్యాధి అంటారు, 1904లో తమ వైద్యుడు రాశాడు గనుక. 1913లో గ్లాస్గో వైద్యుడు కెనెడీ డాల్జియెల్ ఇంకా స్పష్టంగా రాశాడు. పొట్ట కోసి చూస్తే పేగు చచ్చి బిగుసుకుపోయిన మలుగుచేపలాగా నున్నగా, గట్టిగా ఉందని. చూడటానికి క్షయలా ఉంది కాని క్షయక్రిమి కనబడలేదని, పశువుల్లో వచ్చే జోనీస్ వ్యాధిని పోలి ఉందని కూడా అన్నాడు. జాతకంలో పేరుయోగం ఎవరికి రాసిపెట్టి ఉంటే వారికే. క్రోన్ తొంభైతొమ్మిదేళ్ళు బతికి 1983లో పోయాడు.

డాల్జియెల్ పడిన ఆ క్షయ సందేహం మనదేశంలో మాత్రం చల్లారలేదు. క్రోన్స్ పాశ్చాత్యుల జబ్బనీ, పేగుక్షయ మన జబ్బనీ చాలాకాలం పాఠ్యపుస్తకాల జ్ఞానం. రెండూ ఒకే చోట వస్తాయి, స్కోపీలో దాదాపు ఒకేలా కనబడతాయి, ముక్క తీసి పరీక్షించినా చాలాసార్లు తేలదు. క్షయ ఉన్నవాడికి క్రోన్స్ మందులిస్తే ప్రాణాపాయం గనుక, ముందు క్షయమందులు వాడి చూడటం మన వైద్యులు అనుసరించే జాగ్రత్త. నేనూ ఆ దారిలోనే వచ్చాను. కొన్ని నెలలపాటు రిఫాంపిసిన్ పుణ్యమా అని మూత్రం నారింజరంగులో పోస్తూ, విరేచనాలు మాత్రం ఎప్పటిలాగే పోతూ కాలం గడిపాను. ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. ఆ నెలల్లో జరిగినవాటిని మాత్రం ఏ వైద్యుడూ అడగలేదు. 'రోజుకెన్నిసార్లు' అని అడిగారు. 'అందుకోలేకపోయింది ఎన్నిసార్లు' అని అడగలేదు. నేను చెప్పనూ లేదు. తరవాత తెలిసింది, ప్రపంచమంతటా ఇదే తీరట. వాళ్ళు అడగరు, వీళ్ళు చెప్పరు.

చెప్పడం తప్పనిసరైన ఒక రోగి గురించి ఇక్కడ చెప్పుకోవాలి. 1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు డెన్వర్‌లో గుండెపోటు వచ్చింది. వైద్యుడు పాల్ డడ్లీ వైట్ విలేకరుల ముందుకొచ్చి వివరాలన్నీ చెబుతూ, అధ్యక్షులవారికి విరేచనం సాఫీగా అయిందన్న సంగతి కూడా ప్రకటించాడు. దేశం నివ్వెరపోయింది, అధ్యక్షుడికి అది ఏమాత్రం రుచించలేదంటారు. పాపం ఆయనకేం తెలుసు, అది నాందీప్రస్తావన మాత్రమేనని! మరుసటి ఏడు జూన్‌లో పేగు పూడుకుపోయింది. 1956 జూన్ 9 తెల్లవారుజామున వాల్టర్ రీడ్ సైనికాసుపత్రిలో లెనర్డ్ హీటన్ కత్తి పట్టుకున్నాడు. చెడిన భాగాన్ని కోసి పారేయకుండా, దాన్ని తప్పించి చిన్నపేగును పెద్దపేగుకు పక్కదారిలో కలిపాడు. మన రోడ్ల భాషలో బైపాస్. జబ్బు పేరు ఇలియైటిస్, అంటే క్రోన్ చెప్పినదే. ఎన్నికలు అయిదు నెలల్లో ఉన్నాయి గనుక పత్రికలు దేశాధ్యక్షుడి పేగుల గురించి రాయక తప్పలేదు, జనం చదవక తప్పలేదు. నవంబరులో ఆయనే మళ్ళీ గెలిచాడు. పేగుజబ్బు పేరు ఎత్తడానికే సిగ్గుపడే ఇళ్ళలోకి ఆ మాట పత్రిక మొదటిపేజీ మీదుగా వచ్చింది. అధ్యక్షుడికున్న జబ్బే నాకూ ఉందని చెప్పుకోవడంలో ఒక సదుపాయం ఉంది, ఆ సదుపాయం మన దగ్గర ఇంకా ఏ నాయకుడూ కల్పించలేదు.

అయితే ఈ చరిత్రలో నేను అందరికన్నా పైన కూర్చోబెట్టేది అధ్యక్షుణ్ణీ కాదు, క్రోన్‌నూ కాదు, కోపెన్‌హాగెన్ నర్సు ఎలీసె సోరెన్సెన్‌ను. ఆమె చెల్లెలు థోరాకు పెద్దపేగు క్యాన్సర్. క్రోన్స్ కాదు గాని, బాధ మాదే. ఆపరేషన్ చేసి పేగు కొసను పొట్టమీదికి తెచ్చారు. దీన్నే స్టోమా అంటారు. స్టోమాకు గుదకండరం ఉండదు, అది ఆపదు, తన ఇష్టం వచ్చినప్పుడు పోస్తుంది. అప్పట్లో దానికి కట్టుకునేవి రబ్బరు తిత్తులు, లోహపు గిన్నెలు, గుడ్డకట్లు, వాటిని బిగించే పటకాలు. కారేవి, కంపుకొట్టేవి, చర్మం ఒరుసుకుపోయేది. 1940లలో షికాగోలో కోనిగ్ అనే రసాయనశాస్త్ర విద్యార్థి, తనకే ఇలియోస్టమీ అయినవాడు, చర్మానికి అంటుకునే రబ్బరుసంచీ ఒకటి రూపొందించాడు. అదో ముందడుగు. కాని కడిగి మళ్ళీ మళ్ళీ వాడుకోవలసిందే.

థోరా ఇల్లు కదలడం మానేసింది. నలుగురిలో కారిపోతుందన్న భయం. 1954లో అక్క ఒక ఆలోచన చేసింది: పలుచటి ప్లాస్టిక్ సంచీ, దాని మూతికి అంటుకునే వలయం, నిండితే తీసి పారేసి కొత్తది అతికించుకోవడం. అంతే. వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఆ ఆలోచన పట్టుకుని తయారీదార్ల చుట్టూ తిరిగితే మొదట ఎవరూ ముందుకు రాలేదు. ప్లాస్టిక్ వస్తువులు చేసే ఓఏ లూయీ-హాన్సెన్ కూడా వెనకాడాడు. ఆయన భార్య యోహానె నర్సు. రోగుల అవస్థ తెలిసినది గనుక భర్తను ఒప్పించింది. 1957లో ఆ సంచీల కోసమే ఆయన కోలోప్లాస్ట్ అనే సంస్థ పెట్టాడు. ఇద్దరు నర్సులు, ఇంట్లో తలుపేసుకు కూర్చున్న ఒక చెల్లెలు. వైద్యవిజ్ఞాన పత్రికల్లో వెతికితే ఈ చరిత్ర దొరకదు, ఎందుకంటే అది జబ్బును నయం చెయ్యలేదు. తలుపు తీసింది.

ఆ కాలంలోనే, 1952లో, బ్రయన్ బ్రూక్ అనే ఆంగ్లవైద్యుడు స్టోమాను చొక్కాచేతిని మడిచినట్టు బయటికి మడిచి కుట్టే పద్ధతి రాశాడు. అంతకుముందు పేగురసాలు చర్మాన్ని కాల్చేసేవి. ఈ మడత వల్ల అవి నేరుగా సంచీలో పడ్డాయి. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జన్ 1958లో తన దగ్గరే ఇలియోస్టమీ చేయించుకున్న నోర్మా గిల్ అనే గృహిణిని పిలిచి, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళకు నేర్పమని ఉద్యోగమిచ్చాడు. అనుభవించినవాళ్ళే గురువులన్న సంగతి ఒక ఆసుపత్రి గుర్తించడం అది.

ఇక మనదేశానికి వద్దాం. ఇంటర్నెట్టులో పదే పదే ప్రచారమయ్యే ఒక పాత ఉత్తరం మీలో చాలామందికి ఈమెయిళ్ళలో వచ్చే ఉంటుంది. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీబాబు సాహిబ్‌గంజ్ రైల్వే డివిజన్ కార్యాలయానికి రాసినది. ఢిల్లీ రైలు మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. అందులో సంగతి ఇది: ఆయన రైల్లో అహ్మద్‌పూర్ స్టేషనుకు చేరేసరికి పనసపండు తిన్న కడుపు ఉబ్బిపోయి ఉంది. దిగి దొడ్డికి వెళ్ళాడు. పని సగంలో ఉండగా గార్డు ఈల వేశాడు. ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో పంచె పట్టుకుని పరుగెత్తి, పడిపోయి, ప్లాట్‌ఫారం మీద ఉన్న ఆడా మగా ముందు బట్ట తొలగి, రైలు తప్పిపోయి అక్కడే మిగిలిపోయాడు. అలా దొడ్డికెళ్ళిన ప్రయాణికుడి కోసం అయిదు నిమిషాలు ఆగకపోవడం అన్యాయమనీ, గార్డుకు పెద్ద జరిమానా వెయ్యకపోతే పత్రికలకు ఎక్కుతాననీ రాశాడు.

ఆ ఉత్తరంలోని వచ్చీరాని ఇంగ్లీషును చూసి వంద సంవత్సరాలుగా జనం పగలబడి నవ్వుతున్నారు. నేనూ, జబ్బు రాకముందు, నవ్వినవాళ్ళలో ఒకణ్ణే. ఇప్పుడు చదివితే నాకు ఇంగ్లీషు కనబడదు. తనకు జరిగిన అవమానాన్ని దాచుకోకుండా, పేరు పెట్టి, సంతకం చేసి, పరాయి ప్రభుత్వపు కంపెనీకి పరాయి భాషలో ఫిర్యాదు చేసిన మనిషి కనబడతాడు. ఆయన జాలి అడగలేదు, జరిమానా అడిగాడు. ఆ స్థితిలో మనలో ఎంతమందిమి చేస్తాం? ఇంటికెళ్ళి స్నానం చేసి, ఎవరికీ చెప్పకుండా బతుకుతాం.

ఆ ఉత్తరం వల్లనే మూడో తరగతి పెట్టెల్లో మరుగుదొడ్లు వచ్చాయని ప్రచారంలో ఉంది. ఆ ఘనతంతా ఒక్క కాగితానికి కట్టబెట్టడం నాకు అతిగా తోస్తుంది. మనదేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. ఓఖిల్ బాబు పడిపోయేనాటికి యాభయ్యారేళ్ళు. ఆ యాభయ్యారేళ్ళలో స్టేషను స్టేషనుకూ ఎందరు పడిపోయి ఉంటారో, ఎందరు దిగడానికి సిగ్గుపడి పెట్టెలోనే కూర్చుండిపోయారో! దొడ్డి ఉన్నంత మాత్రాన అంతా సుఖమా అంటే అదీ లేదు. 1917 సెప్టెంబరులో గాంధీ బొంబాయి నుంచి మద్రాసుకు మెయిలులో మూడో తరగతిలో వచ్చి, ఆ అనుభవాన్ని చిన్న పుస్తకంగా ప్రకటించాడు. దారి పొడుగునా పెట్టె ఊడ్వలేదు, దొడ్డి కడగలేదు, తొట్టిలో నీళ్ళు లేవు. ఆ దారి రాయచూరు దాటాక మన రాయలసీమ మీదుగానే పోతుంది. ఆ పెట్టెలో కిక్కిరిసినవాళ్ళలో మనవాళ్ళూ ఉండకపోరు.

ఈ కథకు ఇంకో సగం ఉంది, దాన్ని ఓఖిల్ బాబు అభిమానులు తలుచుకోరు. పెట్టెలో దొడ్డి వచ్చింది, నిజమే. అది కిందికి తెరుచుకుంది. వందేళ్ళపాటు మన అత్యవసరాలన్నీ పట్టాల మీద పడ్డాయి. స్టేషన్లలో బండి ఆగి ఉన్నప్పుడు వాడవద్దని బోర్డులుండేవి, పాటించేవాళ్ళెవరు? నావంటివాడు పాటించాలన్నా పాటించలేడు. ఆ పట్టాలు చీపురుతో, చేతులతో కడిగిన మనుషులున్నారు. వాళ్ళు ఏ కులాలవారో చెప్పనవసరం లేదు. 1993లోనే పాకీపనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది, 2013లో మరొకటి వచ్చింది. కోలార్ బంగారుగనుల్లో పాకీపని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సఫాయి కర్మచారి ఆందోళన్ సహచరులు సుప్రీంకోర్టుకెక్కితే 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. అందులో రైల్వేలను పేరుపెట్టి, పట్టాల మీద ఈ పని మాన్పించడానికి గడువుతో కూడిన ప్రణాళిక కావాలంది. విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం ఇచ్చారు. ఇంటిపేరు బెజవాడే అయినా ఆయన గురించి బెజవాడలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. పట్టాల మీద పడకుండా పెట్టె కిందే ట్యాంకులో బాక్టీరియా అరిగించే బయోటాయిలెట్లు 2010 తరవాత గాని పెద్దయెత్తున రాలేదు.

నా అవమానం గురించి నేను రాసేటప్పుడల్లా ఈ సంగతి నా కలానికి అడ్డం వస్తుంది. నేను పాడుచేసుకున్న బట్టలు నేనే ఉతుక్కుంటాను. నేను పాడుచేసిన చోటు ఎవరు కడిగారు?

ఒక్క అనుభవం చెబుతాను. హైదరాబాదు నుంచి గుంటూరు వెళ్ళే రాత్రి బస్సు, ప్రైవేటుది, పేరు అనవసరం. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ప్రయాణముంటే పస్తు మా జబ్బువాళ్ళకు ఏకాదశితో నిమిత్తం లేని వ్రతం. సూర్యాపేట దాటాక కడుపులో మెలి మొదలైంది. క్లీనరు దగ్గరికెళ్ళి ఆపమన్నాను. ఇరవై నిమిషాల్లో హోటలొస్తుంది సార్, అక్కడ ఆగుతుందన్నాడు. జబ్బు సంగతి చెప్పాను. అందరూ ఏదో ఒకటి చెబుతారన్నాడు. సీటుకు తిరిగొచ్చే దారిలోనే అయిపోయింది. పక్క సీట్లో ఓ పెద్దావిడ ఉన్నారు. నా వైపు ఒకసారి చూశారు, ఏమీ అడగలేదు. తన సంచీలోంచి దుప్పటి తీసి నా చేతిలో పెట్టి, "కప్పుకో నాయనా" అని, కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు. హోటలు దగ్గర దిగి కడుక్కుని, బట్టలు మార్చుకుని వచ్చాక, ఉతికి పంపిస్తాను చిరునామా చెప్పండి అంటే, ఉంచేసుకోమన్నారు. సీటు మీద నీళ్ళు పోసి నేను తుడవగలిగినంత తుడిచాను. తెల్లారి డిపోలో మిగిలింది ఎవరో తుడిచి ఉంటారు.

క్లీనరు మీద నాకు కోపం లేదనను. కాని అతనికి ఆపే అధికారం ఎవరిచ్చారు? అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆలీ బెయిన్ అనే పద్నాలుగేళ్ళ క్రోన్స్ అమ్మాయి, ఒక దుకాణంలో సిబ్బంది మరుగుదొడ్డి వాడుకోనివ్వమని వేడుకుంటే కాదన్నారు. అక్కడే నలుగురిలో జరగకూడనిది జరిగింది. తల్లీ కూతుళ్ళు ఇంటికెళ్ళి ఊరుకోలేదు. శాసనసభ్యురాలి దగ్గరికెళ్ళారు. 2005లో చట్టమైంది: ఇటువంటి జబ్బున్నవాళ్ళు, స్టోమా సంచీ ఉన్నవాళ్ళు అడిగితే దుకాణంవాళ్ళు కొన్ని షరతులకు లోబడి తమ మరుగుదొడ్డి వాడుకోనివ్వాలి. జనం దాన్ని ఆలీ చట్టం అంటారు. తరవాత ఇంకా చాలా రాష్ట్రాలు అటువంటివే చేశాయి. ఓఖిల్ బాబు వారసురాలు షికాగో ప్రాంతంలో పుట్టిందని నేననుకుంటాను. ఇంగ్లండులో చట్టం కాకుండా మరో దారి పట్టారు: 1981 నుంచి వికలాంగుల మరుగుదొడ్లలో చాలావాటికి ఒకే తాళంచెవి పనిచేసే పథకం ఉంది, ఆ తాళంచెవి మావాళ్ళకూ ఇస్తారు. రోగుల సంఘాలవారు జేబులో పెట్టుకునే కార్డు కూడా ఇస్తారు.

మనకు వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఇరవయ్యొక్క రకాల వైకల్యాలు చేర్చారు, మా జబ్బు వాటిలో లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, దేశంలోని న్యాయస్థానాల ఆవరణలన్నిటిలో స్త్రీలకు, పురుషులకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు మరుగుదొడ్లు ఉండాలని, అది జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. బస్సుల దాకా ఆ మాట ఇంకా రాలేదు. ఉన్నంతలో మనకున్న పెద్ద ఆసరా 1974లో పాట్నాలో బిందేశ్వర్ పాఠక్ మొదలుపెట్టిన పద్ధతే: డబ్బిచ్చి వాడుకునే మరుగుదొడ్డి. ఆయన పెట్టిన 'సులభ్' అన్న పేరు సర్వనామమైపోయి, ఎవరు కట్టినదాన్నైనా మనం సులభ్ కాంప్లెక్స్ అనే అంటాం. నాకు ఊళ్ళు గుర్తుండేది గుళ్ళతోనూ కాదు, హోటళ్ళతోనూ కాదు, వీటితోనే. ఏ బస్టాండులో ఎటు వైపు, రాత్రి ఎన్నింటికి తాళం వేస్తారు, లోపల గొళ్ళెం పడుతుందా లేదా, చిల్లర లేకపోతే ముందు వెళ్ళనిచ్చే మనిషి ఏ షిఫ్టులో ఉంటాడు. ఇది నా యాత్రాదర్శిని.

సంచీలో ఎప్పుడూ ఉండేవి: ముదురురంగు ప్యాంట్లు రెండు, తువ్వాలు, సబ్బుబిళ్ళ, అరలీటరు నీళ్ళసీసా, పాతపత్రికలు, గట్టి పాలిథీన్ కవర్లు. విరేచనాలు కట్టే మాత్రలు డాక్టరునడగకుండా మింగకండి. పేగు బాగా వాచి ఉన్నప్పుడు అవి ప్రమాదం.

ఈ మధ్య ఇంగ్లండువారి కార్డు చూసి, తెలుగులో ఒకటి నేనే రాసుకుని అచ్చు వేయించుకున్నాను. టపా మొదట్లో చెప్పిన మాటల కరువు అప్పుడే అనుభవానికొచ్చింది. 'మలవిసర్జన నియంత్రణ లోపం' అని రాస్తే మునిసిపాలిటీ నోటీసులా ఉంది. 'అత్యవసరం' అంటే ఎవరికి కాదు? చివరికి మూడు వాక్యాలు మిగిలాయి. నాకు పేగుజబ్బు ఉంది. అంటువ్యాధి కాదు. దయచేసి వెంటనే మీ మరుగుదొడ్డి వాడుకోనివ్వండి. మొదటిసారి దాన్ని తెనాలిలో ఒక బట్టల కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటూ నా ముఖం చూసి, "వెనకాల కుడిచేతి పక్క, ముందు వెళ్ళిరండి, ఈలోగా చదువుతా" అన్నాడు.